పిండి పొంగని మూడు రోజులు

మార్చి 3

రహమతుల్లా మామ ఈ రోజుతో మానేశాడు. పులివెందుల బస్టాండు దగ్గర ఎవరో కొత్త బేకరీ పెట్టారు, అక్కడ పిండి కలిపే మేస్త్రీగా పోతున్నాడు. పోతూ పోతూ అందరి ముందూ మా బేకరీ ఓనరు నాగభూషణం శెట్టితో అన్నాడు: "శెట్టీ, పిండి కలపనీకి కొత్తోణ్ని యాడా ఎతకొద్దు. ఈ సుకన్యకు తెలుసు."

నాలుగేళ్లు బన్నులు కవర్లలో వేసి మూతి కట్టిన దాన్ని. రేపటి నుంచి పిండి బల్ల నాది. ప్రొద్దుటూరులో పిండి బల్ల దగ్గర నిలబడిన ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు.

ఒక్కటే మార్పు. మామ తెల్లవారకముందే నాలుగింటికి కలిపేవాడు. జమ్మలమడుగు నుంచి నాకు ఆ పొద్దుకు బస్సు లేదు, ఉన్నా అమ్మ పంపదు. నేను మధ్యాహ్నం కలుపుతాను, సాయంత్రం టీ వేళకు బన్ను భట్టీలోంచి దిగుతుంది. శెట్టి సరేనన్నాడు.

ఈ నోటుబుక్కు పొట్లాల కోసం కిలోల లెక్కన తెచ్చిన పాత పుస్తకాల గుట్టలో దొరికింది. ముందు సగంలో ఎవరో పిల్ల భాగహారాలు చేసి, అన్నీ తప్పులు చేసింది. వెనక సగం నాది. పదో తరగతి మధ్యలో మానిన దాన్ని, నా తప్పులు కూడా ఇందులోనే ఉంటాయి. ఎవరూ దిద్దాల్సిన పని లేదు.

మార్చి 9

పొంగుతోంది! ఆరు రోజులుగా ఒక్క రోజు తప్పలేదు. దేవుని పటాల కింద మట్టి బాన ఉంటుంది. పొద్దున మునిసిపాలిటీ నీళ్లు వదిలినప్పుడు నింపుతారు. తాగేవీ అవే, పిండికీ అవే. ఒక మగ్గులో ముంచి చక్కెర, ఈస్టు వేస్తే పది నిమిషాలకు నురగ లేస్తుంది. పిండి మీద తడిబట్ట కప్పి గంట ఆగి తీస్తే, నిద్రపోయే పసిబిడ్డ పొట్టలా ఉంటుంది. వేలితో పొడిస్తే మెల్లగా లేస్తుంది.

ఈ చేతులే. ఇన్నాళ్లూ కవర్లకు ముడులు వేసిన చేతులు.

మార్చి 26

ఒంట్లో బాగలేదు. కడుపునొప్పి. నెల నెలా వచ్చేదే. షాపులో ఎవరికీ చెప్పలేదు. చెబితే అవ్వ పిండి దగ్గరికి రానివ్వదు. అవ్వ అంటే శ్యామలమ్మ, శెట్టి తల్లి. పొద్దంతా కౌంటరు పక్కన కుర్చీలో కూర్చుని, ఎవరు ఎన్నిసార్లు తుమ్మారో కూడా గుర్తుపెట్టుకునే మనిషి.

నేనివన్నీ నమ్మను. నా కడుపునొప్పి పిండికెట్లా తెలుస్తుంది?

కొళాయిలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు వెచ్చగా వస్తున్నాయి. ఈస్టుకు వెచ్చని నీళ్లే ఇష్టం కదా. వాటితో కలిపాను.

మార్చి 27

సగమే పొంగింది.

మార్చి 28

ఇవాళా అంతే. చప్పిడి బన్నులు. ఈస్టు పాతదై ఉంటుంది. శెట్టి ఎక్కడో చవగ్గా దొరికిందని తెచ్చి ఉంటాడు. ఆయన పిసినారితనానికి మాట పడేది నేను. ఈస్టు పాతది. అంతే.

మార్చి 31

నిన్న ఉగాది, సెలవు. ఈ రోజు బ్రహ్మాండంగా పొంగింది. కొత్త ఈస్టు ప్యాకెట్టు విప్పాను మరి. చెప్పలేదా?

ఏప్రిల్ 23

మళ్లీ నొప్పి. ఎండ నలభై రెండట. కొళాయి కింద చెయ్యి పెడితే చురుక్కుమంది.

ఏప్రిల్ 24

నిన్న అసలు పొంగలేదు. ఈ రోజూ పొంగలేదు. మైదా ముద్ద బల్ల మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. అయినా కాల్చాను, భట్టీలో పడితేనన్నా లేస్తుందేమోనని. లేవలేదు.

అవ్వ ఒక బన్ను తీసి బల్లకేసి కొట్టింది. టక్కుమంది.

"ఏందే ఇది? గోడ కట్టనీకి చేసినావా?"

"ఈస్టు పాతదవ్వా."

"మొన్న పాతదని కొత్తది తెప్పిచ్చుకుంటివి. ఇప్పుడిదీ పాతదేనా?"

అప్పుడు నాగేంద్రమ్మక్క నోరు జారింది. నాలుగేళ్లు ప్యాకింగులో నా పక్కన కూర్చున్న మనిషి. నన్ను కాపాడాలనే అనింది. "పోనీలే అవ్వా. పాపం, నిన్నటి నుంచీ కడుపు పట్టుకుని తిరుగుతాంది, ఒంట్లో బాగలేదు."

అంతే. అవ్వ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఒక నెల వెనక్కి పోయింది. ఆగింది.

"ఉగాదికి ముందు కూడా ఇట్లే చెడిపోయ గదా?"

నాగేంద్రమ్మక్క నాలుక కరుచుకుంది. 

"ఊరగాయ జాడీ ముట్టుకుంటేనే బూజు పడతాదే! నువ్వు పిండిలో మోచేతుల దాకా పెట్టినావు! ఒరే నాగభూషణా, ఈ పిల్లను బల్ల కాడ ఎవుర్రా పెట్టింది?"

పెట్టిందెవరో ఆమెకూ తెలుసు. శెట్టి నేల చూస్తూ అన్నాడు: "రేపట్నించి ప్యాకింగు చూసుకో సుకన్యా. జూన్ ఒకటికి కడప నుంచి మేస్త్రీ వస్తాడు. అంతదాకా నేనే కలుపుతా."

"నెలకు మూడు దినాలకా అన్నా?"

"మూడు దినాలని కాదమ్మా. జనం నోట్లో పడితే షాపే పోతాది."

బస్సులో ఏడవలేదు. కళ్లలో దుమ్ము పడింది.

ఏప్రిల్ 25

పొద్దున ఆరింటికి శెట్టి కలిపాడట. అదే ప్యాకెట్టు ఈస్టు. పొంగింది.

ఏప్రిల్ 27

నేను నమ్మను. నమ్మను. అవ్వ వేళ్లు మడిచిన లెక్క మాత్రం తప్పు కాదు. ఆ రోజులే పొంగలేదు. వేరే ఏ రోజూ ఇట్లా కాలేదు. నమ్మను.

ఏప్రిల్ 30

పొట్లాలకు కాగితాలు చించుతుంటే సైన్సు పుస్తకం చేతికొచ్చింది. అట్ట లేదు. ఒక పేజీలో సీసా బొమ్మ, దాని మూతికి బెలూను. ఆ పుస్తకాన్ని చించలేదు, చున్నీలో చుట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఖాళీ సీసా మూతికి బెలూను తొడిగి వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాను. ముడుచుకుని వేలాడుతున్న బెలూను మెల్లగా తలెత్తింది.

అమ్మ కళ్లు పెద్దవి చేసింది. "ఎవురే ఊదేది?"

"ఎవురూ ఊదలే మా. లోపలున్న గాలే. వేడి తగిలితే దానికి చోటు చాలదు. విప్పారతాది."

"మళ్లా చన్నీళ్లలో పెడ్తే?"

పెట్టాను. బెలూను మళ్లీ వేలాడింది. అమ్మ మూడుసార్లు చేయించింది. మూడోసారి తనే పట్టుకుంది. ఇద్దరం శానా నవ్వాం. ఈ వారంలో నవ్వడం ఇదే.

కింద ఇంకో ప్రయోగం ఉంది. సీసాలో నీళ్లు, చక్కెర, ఈస్టు. ఈస్టు చక్కెర తిని గాలి వదులుతుంది, ఆ గాలే బెలూనును నింపుతుంది. మూత మాత్రం బిగించకూడదట, సీసా పగులుతుంది. బెలూనైతే సాగుతుంది, ప్రమాదం లేదు. పిండిలో జరిగేదీ ఇదేనట. ఈస్టు గాలి పిండిలో చిన్న చిన్న గదులు కట్టుకుంటుంది, భట్టీ వేడికి ఆ గాలి ఇంకా విప్పారి బన్ను గుండ్రంగా లేస్తుంది. నాలుగేళ్లుగా ఆ గదుల్నే కవర్లలో వేస్తున్నాను, ఎవరూ చెప్పలేదు.

షాపు ఈస్టు కాస్త పొట్లం కట్టి తెచ్చుకుంటాను. పాతదని రుజువు చేసి శెట్టి మొహాన పెడతాను.

మే 2

బెలూను గుమ్మడికాయంత అయింది. ఈస్టు బాగుంది. ఈస్టుకేమీ కాలేదు.

మరి?

మే 3

రాయడానికి ఏమీ లేదు.

మే 4, ఆదివారం

సెలవు పెట్టి, పొద్దున మొదటి బస్సుకు పులివెందుల పోయాను. రహమతుల్లా మామ కొత్త బేకరీలో ట్రేలు సర్దుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు, గ్లాసు చీనీపండ్ల రసం ఇప్పించాడు.

"ఏంది పాపా, మొగం అట్ల పెట్టినావు?"

అంతా చెప్పాను. కడుపునొప్పి సంగతి కూడా. చెప్పేటప్పుడు ఆయన రోడ్డు వైపు చూశాడు, నేను గ్లాసు వైపు.

"ఈస్టు పానమున్నది పాపా. సలికి ముడుక్కుంటాది, వేడెక్కువైతే సస్తాది. దానికి నీ సంగతి నా సంగతి తెల్దు."

"నీళ్లలో ఏమన్నా ఉంటాదా మామా? ట్యాంకులో పాచి?"

"ఆ కొళాయి నీళ్లతోనే ఇరవై ఏండ్లు కలిపినా. ఏం కాలే."

"బానవి కాదా?"

మామ నవ్వాడు. "బాన దేవుని పటాల కింద గదా ఉండేది. అవ్వ నన్ను యాడ ముట్టనిచ్చింది? తాగనీకి గూడా ఇంటి నుంచి బాటిలు తెచ్చుకుంటాంటి. సూడలేదా?"

చూశాను. నాలుగేళ్లు ఆ నీలం బాటిల్ని చూశాను. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

అంటే కొళాయి నీళ్లలోనూ తప్పు లేదు. ఈస్టు మంచిది, నీళ్లు మంచివి. ఇక మిగిలింది నేను.

తిరుగు బస్సు ఒంటిగంటకు. కిటికీ పక్క సీటు. కూర్చుంటూ కమ్మీ పట్టుకున్నాను, అరచెయ్యి కాలి "అమ్మా" అన్నాను. పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "ఎండలో నిలబెట్టిన బస్సమ్మా, జాగ్రత్త." పొద్దున వచ్చేటప్పుడు ఇట్లాంటి కమ్మీకే తల ఆనించి కూర్చున్నాను. అప్పుడు చల్లగా ఉంది.

మామ కలిపేది నాలుగింటికి. శెట్టి కలిపింది ఆరింటికి.

బస్సు దిగేదాకా కూర్చోలేకపోయాను.

మే 5

భోజనాల వేళ ఒంటిగంటకు, ఒక సీసాలో కొళాయి నీళ్లు పట్టాను. నల్ల ట్యాంకు, మిద్దె మీద పొద్దంతా ఎండలో పడుండే ఇనుప పైపు. సీసా పట్టుకోలేక చున్నీతో పట్టుకున్నాను. ఇంకో సీసాలో బాన నీళ్లు. రెండింటిలో ఒకే చెంచాతో ఈస్టు, చక్కెర.

గంటకు బాన సీసా బెలూను నిండింది. కొళాయి సీసా బెలూను పక్కకు పడిపోయింది.

చంపింది వేడి. నేను కాదు. నేను కాదు. నేను కాదు.

(ఆ మూడు రోజులే కొళాయి దగ్గరికి ఎందుకు పోయానో తర్వాత రాస్తాను.)

మే 6

రెండు సీసాలూ తీసుకెళ్లి శెట్టికి చూపించాను. ఆయన మొహం వెలిగింది, వెంటనే తల్లి వైపు చూశాడు. అవ్వ కళ్లజోడు సర్దుకుంది.

"ఇప్పుడు నీ చెయ్యి బాగుంది గదనే. ఆ దినాల్లో చేసి సూపీ."

ఇంటికొచ్చేదాకా తిట్టుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, ఆమె అడిగింది న్యాయమే. నేనైనా అదే అడిగేదాన్ని. కోపం ఇంకా పెరిగింది.

మే 7

కానీ ఒక్క నా చెయ్యి చాలదు. అవ్వ చెయ్యి కూడా కావాలి. ఇద్దరు మనుషులు, రెండు నీళ్లు. నాలుగు సీసాలు. తప్పెక్కడుందో అప్పుడు తేలుతుంది.

అవ్వను అడిగాను. "నాకేం భయమా?" అనింది.

మే 18

ఎదురుచూస్తున్నాను. పన్నెండేళ్ల వయసు నుంచి ఎప్పుడూ రాకూడదని మొక్కుకున్న దాని కోసం.

మే 21

రాలేదు. కావాలంటే రాదు. కడప మేస్త్రీ వచ్చే ఒకటో తేదీకి పది రోజులే ఉన్నాయి.

మే 22

వచ్చింది. పొద్దున "అమ్మా, వచ్చింది!" అని అరిచాను. అమ్మ బయట ముగ్గు చెంబు పట్టుకుని, ఎవరైనా చుట్టాలేమోనని వీధిలోకి చూసింది.

షాపులో పన్నెండున్నరకు మొదలుపెట్టాం. అవ్వ రెండోసారి స్నానం చేసి వచ్చింది. నాగేంద్రమ్మక్క పార్సిలు దారాలు కట్టింది, అవ్వ సీసాలకు ఎర్రది, నావాటికి నల్లది. శెట్టి నాలుగింటిలోనూ సమంగా ఈస్టు, చక్కెర వేశాడు. ఎవరి నీళ్లు వాళ్లు పట్టుకోవాలి, ఎవరిది వాళ్లు కలపాలి.

అవ్వ కొళాయి దగ్గరికి పోయి చెంబు పెట్టింది. "అబ్బా! ఇవేందిరా, ఉడుకుతాండాయి!"

నాగేంద్రమ్మక్క ఊరుకోదు కదా. "ఈ నీళ్లతో కోడి ఈకలు పెరకొచ్చు అవ్వా."

"ఛీ, నోరు ముయ్. స్నానం చేసొచ్చినా."

తర్వాత అవ్వ బానలోవి ముంచుకుంది. నేను కొళాయివి పట్టుకున్నాను. నా రెండో సీసా మిగిలింది. చెంబు తీసుకుని బాన దగ్గరికి పోయాను.

చెయ్యి ఆగిపోయింది.

బాన అంచుకు జానెడు దూరంలో చెంబు అట్లాగే ఉంది. పైన పటాలు. నేను ముంచాలి, ముంచలేకపోతున్నాను.

"ఏంది పాపా, నిలబడిపోయినావు?" నాగేంద్రమ్మక్క.

"పోయిన నెల ముంచినప్పుడు లేని భయం ఇప్పుడేందే?" అవ్వ.

"ముంచలేదవ్వా."

"మరి?"

"ఆ దినాల్లో కొళాయివే పట్టినా. పోయిన నెల, అంతకుముందు నెల."

"బాన ముట్టొద్దని నీకెవురు చెప్పినారు? నేను చెప్పలే. నాకసలు తెల్దు గదా."

"ఎవురూ చెప్పలే."

అవ్వ చెంబు వైపు చూసి, నా వైపు చూసింది. నేను కోప్పడలేకపోయాను. ఎవరి మీద కోప్పడాలి? నమ్మను నమ్మను అని ఈ పుస్తకమంతా రాశాను. నా చెయ్యి మాత్రం నమ్మింది. నమ్మి, బాన వదిలి, కాలే కొళాయి దగ్గరికి పోయి, ఈస్టును చంపి తెచ్చింది. పిండి చెడింది అందుకే. నెలసరి వచ్చినందుకు కాదు.

"ముంచు," అనింది అవ్వ. గట్టిగా కాదు. "సూద్దాం ఏమయితాదో."

ముంచాను. ఏమీ కాలేదు.

నాలుగు బెలూన్లు తొడిగి వరసగా బల్ల మీద పెట్టాం. రెండు నిమిషాలు కాకముందే కొళాయి సీసాలవి రెండూ తలెత్తాయి, అవ్వదీ నాదీ. బానవి రెండూ వేలాడుతున్నాయి.

అవ్వ చప్పట్లు కొట్టింది. "లేచ! వేడినీళ్లు సంపుతాయంటివే! సూడు, ముందు లేచిందే అది!"

 శెట్టి కూడా నా వైపు జాలిగా చూశాడు. అప్పుడు ఇంట్లో అమ్మ చేయించిన ఖాళీ సీసా గుర్తొచ్చింది. అందులో ఈస్టే లేదు, అయినా లేచింది.

"అది ఈస్టు కాదవ్వా, వేడికి విప్పారిన గాలి. నీళ్లు సల్లారనీ."

"సల్లారేదాకా కూచుంటా. నాకేం పనుంది?"

కూర్చుంది. అందరం కూర్చున్నాం. బన్నుల కోసం వచ్చినవాళ్లు కూడా ఏంది ఏంది అని నిలబడ్డారు. పావుగంటకు కొళాయి బెలూన్లు మెత్తబడ్డాయి. అరగంటకు రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పక్కకు వాలాయి. అప్పటికి బాన సీసాల్లో నురగ లేస్తోంది. వాటి మీది బెలూన్లు ఎవరూ ముట్టకుండా, ఎవరూ ఊదకుండా, మెల్లగా, ఆగకుండా పెరుగుతున్నాయి. గంటకు రెండూ నిలబడ్డాయి. ఎర్రదారం, నల్లదారం. సమానంగా.

శెట్టి గట్టిగా ఊపిరి వదిలాడు. నాకంటే ఆయనకే ఎక్కువ భారం దిగినట్టుంది.

అవ్వ లేచి రెండు బెలూన్లనూ వేలితో నొక్కి చూసింది. తర్వాత వాలిపోయిన తన బెలూనును నొక్కింది.

"నా చెయ్యితో కలిపినా సచ్చిపోయ," అనింది. ఎవరితోనూ కాదు, తనలో తనే.

కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, కొడుకుతో అనింది: "కడప మేస్త్రీకి రావద్దని ఫోను చెయ్. ఆ ట్యాంకు మీద గోనెపట్టాలు కప్పిచ్చు." తర్వాత నాతో: "రేపు పిండి నువ్వే కలుపు. బాన నీళ్లతోనే. నా బెలూనే కొంచెం పెద్దగా ఉండె, అది మర్సిపోవద్దు."

సమానంగానే ఉన్నాయి. నేను ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. బస్సులో జమ్మలమడుగు దాకా నిద్రపోయాను. నెల తర్వాత మొదటిసారి.

మే 23

కలిపాను. రెండో రోజు. నొప్పి ఉంది. పొంగింది.

నాగేంద్రమ్మక్క మొదటి ట్రేలో బన్ను విరిచి లోపలి గదులు చూపించింది. "ఇంత ఇల్లు నాకుంటే బాగుండు."

మే 24

మామకు ఫోను చేశాను. సీసాల కథ చెబితే ఫోనులోనే పడిపడి నవ్వాడు. మధ్యాహ్నం నీళ్ల సంగతి తనకెప్పుడూ తట్టలేదన్నాడు, ఆ ఎండ పొద్దుకు ఆ కొళాయి ఎప్పుడూ తిప్పలేదట.

తర్వాత అడిగాడు: "బానలో నీళ్లు ఎట్లుంటాయి పాపా? ఇరవై ఏండ్లు ఆడ చేసినా, నాకు తెల్దు."

 "సల్లగుంటాయి మామా," అన్నాను.

రేపు ఆదివారం ఆయన ప్రొద్దుటూరు వస్తున్నాడు, ఏదో పెళ్లికి. షాపుకు రమ్మన్నాను. బానలోంచి చెంబు నేనే ముంచి ఇస్తాను. అవ్వ కుర్చీలోనే ఉంటుంది. ఉండనీ.